వాలెట్‌కి పేరు పెట్టొచ్చు సరే, ఆ పేరుకి పూచీ ఎవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే శీర్షికలో క్రిప్టో వాలెట్ అంటే ఏంటి, సీడ్ పదాలు, అంటే వాలెట్‌ని తెరిచే రహస్య పదాలు, ఎందుకు దాచుకోవాలి అని రాశాం కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో సగానికి పైగా ఒక్కదాని మీదే, క్రిప్టో డబ్బు పంపాలంటే కొట్టాల్సిన ఆ పొడుగాటి అడ్రస్ గోల. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేశాం. కొనమనో అమ్మమనో ఇక్కడ ఎవరికీ చెప్పట్లేదు, ముందే అనుకుందాం, తర్వాత నన్ను అనొద్దు.

*

"బాబూ, నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా మనవడు బిట్‌కాయిన్ అడ్రస్ అని ఒకటి కాగితం మీద రాసిచ్చాడు. అందులో సున్నా ఏదో ఓ ఏదో, ఒకటి ఏదో ఎల్ ఏదో తెలియట్లేదు. ఒక్క అక్షరం తప్పు కొడితే డబ్బు ఎక్కడికి పోతుంది? అంత తెలివైనవాళ్లు మనుషులు చదవగలిగేట్టు ఎందుకు పెట్టలేదు?" - తెనాలి నుంచి ఒక పాఠకుడు

మాస్టారూ, ఆ అడ్రస్ 1తో గానీ 3తో గానీ మొదలైతే మీ సమస్య సగం తీరినట్టే. ఆ పాత రకం అడ్రస్‌లకి వాడే అక్షరాల్లో సున్నా లేదు, పెద్ద ఓ లేదు, పెద్ద ఐ లేదు, చిన్న ఎల్ లేదు, చూపుకి కలిసిపోతాయనే ఆ నాలుగూ తీసేశారు, మిగిలినవి 58. కాబట్టి గుండ్రంగా కనపడిందల్లా చిన్న ఓ, నిలువు గీతలా ఉన్నదల్లా ఒకటి. కానీ బీసీ1 అని మొదలైతే మాత్రం రూలు తిరగబడుతుంది. 2017లో పీటర్ వూలే, గ్రెగ్ మాక్స్‌వెల్ కలిసి బెక్32 అని ఇంకో పద్ధతి తెచ్చారు, అందులో ఓ తీసేసి సున్నా ఉంచారు, ఐ తీసేసి ఎల్ ఉంచారు, మొదట్లో వచ్చే ఆ ఒకటి తప్ప లోపల ఇంకెక్కడా ఒకటి రాదు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా ఎత్తేశారు, ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు పెద్ద కే చిన్న జీ అంటూ అరవాల్సిన బాధ పోయింది.

ఒక్క అక్షరం తప్పు పడితే డబ్బు ఎక్కడికీ పోదండీ, వాలెట్టే ఒప్పుకోదు. మన ఆధార్‌లో 12వ అంకె మిగతా 11 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టిందే, వెర్‌హోఫ్ పద్ధతి అంటారు, మీరు లెక్కల మనిషి కాబట్టి వీలున్నప్పుడు చూడండి, భలే ఉంటుంది. ఇక్కడా అలాంటి తనిఖీయే. పాత అడ్రస్‌లో చివరి 4 బైట్లు చెక్‌సమ్, ఇష్టమొచ్చినట్టు రాసింది పొరపాటున సరిపోవాలంటే దాదాపు 429 కోట్లలో ఒక్క వంతు అవకాశం. బెక్32లో అయితే నాలుగు అక్షరాల దాకా తప్పు పడినా కచ్చితంగా దొరుకుతుంది, అవకాశం గివకాశం కాదు, లెక్క ప్రకారం గ్యారంటీ. దాంట్లోనూ ఒక చిల్లు బయటపడింది లెండి, చివరి అక్షరం పీ అయినప్పుడు దాని ముందు క్యూలు ఎన్ని చేర్చినా ఎన్ని తీసేసినా చెక్‌సమ్‌కి తెలిసేది కాదు, తర్వాత బిట్‌కాయిన్‌లో వచ్చిన టాప్‌రూట్ అనే కొత్త రకం అడ్రస్‌లకి దాన్ని సరిచేసి బెక్32ఎం అని వాడుతున్నారు.

ఇథీరియం అని ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ ఉంది, వాళ్లు ఈ విషయంలో మొదట బద్ధకించారు. 40 అక్షరాలు, తనిఖీ అన్నదే లేదు. 2016లో వచ్చిన కిటుకు మాత్రం నాకు చాలా నచ్చింది, అడ్రస్ పొడుగు ఒక్క అక్షరం కూడా పెంచకుండా, అందులో ఏ అక్షరాలు పెద్దవి ఏవి చిన్నవి అన్నదాన్నే చెక్‌సమ్‌గా వాడేశారు. తప్పు జారిపోయే అవకాశం సుమారు 4000కి ఒకటి. కానీ ఎవరైనా అన్నీ చిన్నక్షరాల్లో కొట్టేస్తే ఆ కాపలా కూడా లేనట్టే. సొలానా అనే మరో నెట్‌వర్క్ అడ్రస్‌లో అయితే చెక్‌సమే లేదు, దాన్ని చేత్తో రాసుకోవడం శుద్ధ దండగ పని, క్యూఆర్ కోడ్ అడగండి.

ఇక మనుషులు చదివేట్టు ఎందుకు పెట్టలేదు అంటే, అసలు దాన్ని ఎవరూ పెట్టలేదు మాస్టారూ. మీ దగ్గరున్న రహస్య తాళం నుంచి లెక్కగడితే వచ్చిన సంఖ్య అది, ఎవర్నీ అడగక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని పుట్టించుకోవచ్చు. పేరు అలా రాదు, ఈ పేరు ఫలానావాళ్లది అని ఎవరో ఎక్కడో రాసి ఉంచాలి. చెక్‌సమ్ 'ఇది సరిగ్గా రాసిన అడ్రస్' అని చెప్తుందంతే, 'ఇది మీ మనవడిదే' అని చెప్పదు. ఆ రెండో మాట ఎవరు చెప్పాలి అన్నదే కింద మిగతా ఉత్తరాలన్నిట్లోనూ ఉన్న గొడవ.

*

"సార్, మేం నలుగురం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక టెస్ట్ కాయిన్ చేస్తున్నాం. అడ్రస్‌ల బదులు యూజర్‌నేమ్స్ పెడదామనుకున్నాం, ముందొచ్చినవాళ్లకి ముందు, ఫ్రీగా, ఎప్పటికీ. మా గైడ్ సార్ 'జూకో ట్రయాంగిల్ చదివి రండి' అన్నారు. చదివాం గానీ దానివల్ల డిజైన్‌లో ఏం మార్చాలో తెలియట్లేదు. ఇంకో ఐడియా, అడ్రస్‌నే 12 ఇంగ్లిష్ పదాలుగా మార్చేస్తే ఎలా ఉంటుంది?" - కాకినాడ నుంచి బీటెక్ స్టూడెంట్స్

మీ గైడ్ సార్ సరైన చోటే పట్టుకున్నారు. జూకో విల్‌కాక్స్ 2001లో చెప్పింది ఏంటంటే, పేరు మనిషికి గుర్తుండాలి, ఎవరూ మోసం చేసి కాజేయలేనట్టు ఉండాలి, ఎవరి పెత్తనం కిందా ఉండకూడదు, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి అని. ఈయనే తర్వాత జీక్యాష్ మొదలుపెట్టాడు, ఆ కాయిన్ అడ్రస్‌లు ఒకసారి చూస్తే ఆయన ఏ రెండు తీసుకుని ఏది వదిలేశాడో మీకే తెలుస్తుంది. 2011 జనవరిలో ఆరన్ స్వార్ట్జ్ దీనికి అడ్డం తిరిగి, బిట్‌కాయిన్ లాంటి చిట్టా, అంటే అందరి దగ్గరా ఒకేలా ఉండే చిట్టా ఉంటే మూడూ కుదురుతాయి అన్నాడు, అదే సంవత్సరం ఏప్రిల్‌లో అలా పేర్లు రాసుకునే నేమ్‌కాయిన్ వచ్చింది. టెక్నికల్‌గా పనిచేసింది కూడా. కానీ 2015లో పరిశోధకుడు అరవింద్ నారాయణన్ ఇంకా కొందరు కలిసి దాన్ని జల్లెడ పడితే సుమారు 1,20,000 పేర్లు రిజిస్టరై కనపడ్డాయి, అందులో కబ్జాదారుల చేతిలో కాకుండా చెప్పుకోదగ్గ కంటెంట్‌తో ఉన్నవి 28. వేలు కాదు, 28.

కాబట్టి మీ మూడు మాటల్లో 'ఫ్రీగా' అన్నది ముందు కొట్టేయండి. పేరు చవగ్గా దొరికితే మంచి పేర్లన్నీ మొదటి వారంలోనే ఎవడో ఒకడు స్క్రిప్ట్ రాసి ఎత్తుకుపోతాడు. ఇథీరియం నేమ్ సర్వీస్ (ఈఎన్ఎస్) వాళ్లు, 2017 మే నుంచి నడుస్తోంది, డాట్ ఈత్ అని వచ్చే పేర్లు వాళ్లవే, ఏడాదికి అయిదు లేదా అంతకంటే ఎక్కువ అక్షరాల పేరుకి 5 డాలర్లు, నాలుగక్షరాలకి 160, మూడక్షరాలకి 640 పెట్టారు. అయినా కబ్జాలు ఆగలేదనుకోండి, కాకపోతే కూర్చోబెట్టి ఉంచడానికి ఖర్చవుతుంది, కొంతమందైనా వదిలేసి పోతారు.

'ఎప్పటికీ' కూడా కుదరదు, ఎందుకంటే తాళాలు పోతాయి, మనుషులు పోతారు, ఆ పేర్లు అలా శవాల్లా పడుంటాయి. సరే గడువు పెడదాం అంటే దానికో తలనొప్పి, మీరు రెన్యూ చేయడం మర్చిపోయారు, ఆ పేరు ఇంకొకడు కొన్నాడు, మీ మేనమామకి ఇవేం తెలీదు, పాత అలవాటుగా అదే పేరుకి డబ్బు కొట్టాడు, అయిపోయింది, అది కొత్తవాడి జేబులోకే. ఈఎన్ఎస్ దీనికి గడువు అయ్యాక 90 రోజులు పాత ఓనర్‌కి టైమిస్తుంది, అదీ దాటితే పేరుని 10 కోట్ల డాలర్ల అదనపు రేటుతో బయటపెట్టి 21 రోజుల్లో సున్నాకి దించుకుంటూ వస్తుంది, అప్పుడు బాట్లు పెట్టుకుని మొదటి సెకన్‌లో ఎగబడినా లాభం లేదు. నవ్వొస్తుంది గానీ పనిచేసే ఆలోచనే. మీరైతే ఇంకొకటి చేర్చండి, ఇది నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం, ఒక పేరు వెనకున్న అడ్రస్ మారితే, పంపేవాడి వాలెట్ నోరు మూసుకుని ఊరుకోకూడదు. 'మీరు పోయినసారి ఈ పేరుకి పంపినప్పుడు అడ్రస్ వేరు, ఇప్పుడు వేరు, ఓసారి అడిగి చూసుకోండి' అని ఎర్రగా అడ్డం పడాలి. చాలా వాలెట్లు పేరు కనపడగానే అడ్రస్ దాచేసి అందంగా ఉందని మురిసిపోతాయి, అక్కడే చెడుతుంది.

'ముందొచ్చినవాళ్లకి ముందు' అన్నదాంట్లో ఒక దొంగదారి ఉంది, మీరు గమనించారో లేదో. రిజిస్ట్రేషన్ రిక్వెస్ట్ బ్లాక్‌లోకి, అంటే చిట్టాలోకి, ఎక్కేలోపు నెట్‌వర్క్ అంతా చూస్తుంది, అప్పుడు ఎవడైనా మీకన్నా ఎక్కువ ఫీజు కట్టి అదే పేరు ముందు కొట్టేయగలడు. దీనికి మందు రెండు మెట్లు, ముందు పేరుకీ ఒక రహస్య సంఖ్యకీ కలిపి హ్యాష్ (వెనక్కి తిప్పి అసలుది కనుక్కోలేని సంఖ్య) మాత్రమే పంపాలి, ఏ పేరో ఎవరికీ తెలీదు, కనీసం ఒక నిమిషం ఆగి అప్పుడు అసలు పేరు బయటపెట్టాలి. ఈఎన్ఎస్ చేసేది ఇదే, మీరూ కాపీ కొట్టేయండి, వైవాలో ఈ ప్రశ్న పక్కా వస్తుంది.

అక్షరాల సంగతి. 2018లో వచ్చిన ఈఓఎస్ అనే నెట్‌వర్క్‌లో అకౌంట్ పేర్లు 12 అక్షరాలు, చిన్న ఏ నుంచి జెడ్ దాకా, అంకెలు 1 నుంచి 5 దాకా. ఒక్కో అక్షరం 5 బిట్లలో ఇమిడిపోయి మొత్తం పేరు ఒక 64 బిట్ల సంఖ్యలో కూర్చుంటుంది, ఇంజినీర్‌కి ముచ్చటేస్తుంది. కానీ అందులో ఎల్ ఉంది, ఒకటీ ఉంది, బిట్‌కాయిన్ వాళ్లు అంత జాగ్రత్తగా తీసేసిన జంటని వీళ్లు మళ్లీ పక్కపక్కన కూర్చోబెట్టారు. మెషీన్‌కి సర్దుకోవడం కాదు, మనిషి కన్ను మోసపోకపోవడం ముఖ్యం. మీరు చిన్నక్షరాలు, 2 నుంచి 9 దాకా అంకెలు ఇచ్చి సున్నా, ఒకటి మానేయండి, చాలు.

12 పదాల ఐడియా గురించి. సీడ్ పదాల లిస్టులో 2048 పదాలు, అంటే ఒక్కో పదం 11 బిట్లు. అడ్రస్ 160 బిట్లు అయితే 15 పదాలు కావాలి, 12లో పట్టదు. పట్టినా వద్దంటాను. పోయిన నెల అంతా 'మీ 12 పదాలు ఎవరికీ చెప్పొద్దు' అని మొత్తుకున్నాం కదా, ఇప్పుడు అడ్రస్ కూడా అచ్చం అలాంటి పదాలే అయితే 'మీ పదాలు పంపండి డబ్బేస్తాను' అని ఎవరో అడుగుతారు, పాపం ఎవరో ఒకరు అడ్రస్ బదులు సీడ్ పంపేస్తారు. ఇవ్వాల్సినదీ దాచాల్సినదీ ఒకేలా కనపడే డిజైన్ చేయకండి.

ఇంకో దారి కూడా చూడండి, సొంత రిజిస్టర్ పెట్టకుండా ఇప్పటికే ఉన్నదాన్ని వాడుకోవడం. మొట్టమొదటి బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్‌లో ఐపీ అడ్రస్ కొట్టి డబ్బు పంపే ఆప్షన్ ఉండేది తెలుసా, అవతలి కంప్యూటర్ని అడిగి పబ్లిక్ కీ, అంటే బయటికి ఇవ్వగలిగే తాళం, తెచ్చుకునేది, మధ్యలో ఎవడైనా దూరి తన తాళం ఇస్తే కనిపెట్టే మార్గం లేదు, అందుకే తీసిపారేశారు. లైట్నింగ్ అంటే బిట్‌కాయిన్ మీద వేగంగా పేమెంట్లు నడిపే నెట్‌వర్క్, దానికి 2021లో వచ్చిన లైట్నింగ్ అడ్రస్ చూడ్డానికి ఈమెయిల్‌లా ఉంటుంది, వాలెట్ ఆ డొమైన్ సర్వర్‌ని అడిగితే సర్వర్ అప్పటికప్పుడు బిల్లు తయారుచేసి ఇస్తుంది, వాడటానికి హాయిగా ఉంటుంది గానీ సర్వర్ ఎవరిదైతే వాళ్లని నమ్మాలి. 2024లో మాట్ కొరాలో వాళ్లు రాసిన బిప్ 353 (బిప్ అంటే బిట్‌కాయిన్‌కి మార్పులు ప్రతిపాదించే పత్రం) ఇంకో మెట్టు ఎక్కింది, పేమెంట్ వివరాలు డొమైన్ తాలూకు డీఎన్ఎస్ (సైట్ల పేర్ల వెనక వివరాలుండే నెట్ డైరెక్టరీ) రికార్డులోనే పెట్టి డీఎన్ఎస్‌సెక్ అనే డిజిటల్ సంతకం తప్పనిసరి చేశారు, ఆ సంతకాల గొలుసుని నెట్ లేని హార్డ్‌వేర్ వాలెట్ కూడా తనిఖీ చేసుకోగలదు. ఇందులో పెత్తనం లేదని కాదు, డొమైన్ రిజిస్ట్రార్ ఉన్నాడు, ఏడాదేడాది కట్టాలి. కానీ ఆ పెత్తందారు ఎవరో అందరికీ తెలుసు. 2026 బ్యాచ్ పిల్లల ప్రాజెక్టు అయినా సరే, కొత్త పేర్ల ప్రపంచం కట్టడం కన్నా దీన్ని టెస్ట్ కాయిన్‌కి అతికించడమే నేనైతే చేస్తాను, మార్కుల సంగతి మీ గైడ్ సార్‌ని అడగండి.

*

"మా షాపులో యూపీఐ స్కానర్ పెట్టి ఏళ్లయింది, ఎవరికీ ఇబ్బంది లేదు. క్రిప్టో వాళ్లు కూడా అలా ఒక ఐడీ పెట్టేస్తే అయిపోయేదానికి ఎందుకింత రాద్ధాంతం?" - కరీంనగర్ నుంచి ఒక షాపు ఓనర్

మీ స్కానర్ పనిచేసేది ఐడీ చదవడానికి బాగుండటం వల్ల కాదండీ. ఆ ఎట్ గుర్తు తర్వాత ఉండే తోక ఎవరిదో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దగ్గర లెక్కుంది, మీ అకౌంట్ ఉన్న బ్యాంకు మీ ఆధార్, పాన్ చూసి అకౌంట్ ఇచ్చింది, అందుకే పిన్ కొట్టే ముందు కస్టమర్‌కి మీ పేరు తెర మీద వస్తుంది. మనకి ధైర్యం ఇచ్చేది ఆ పేరు. అందులోనూ మొన్నటిదాకా కొన్ని యాప్‌లు మనం ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరో అవతలివాడు పెట్టుకున్న పేరో చూపించేవి, 2025 జూన్ 30 కల్లా బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని ఎన్‌పీసీఐ చెప్పింది. అంతెందుకు, ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లో మనం పేరు రాసినా డబ్బు పడేది అకౌంట్ నంబర్ చూసే, పంపేముందు అవతలివాళ్ల పేరు సరిచూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టమని రిజర్వ్ బ్యాంక్ చెప్తే గానీ రాలేదు. బ్యాంకులకే ఇన్నేళ్లు పట్టింది.

బ్లాక్‌చెయిన్‌లో, అంటే క్రిప్టో లావాదేవీలు రాసే ఆ అందరి చిట్టాలో, పేరు చెప్పే బ్యాంకు లేదు, పొరపాటు పోయిన డబ్బుకి కంప్లైంట్ తీసుకునే కిటికీ లేదు. అలాంటిది కావాలంటే ఏదో కంపెనీ పెట్టాలి, ఎక్స్ఛేంజిలు లోపల్లోపల పెడుతున్నాయి కూడా, అప్పుడది వాళ్ల ఖాతా పుస్తకం, అంతే. మీ షాపుకి మాత్రం నా సలహా అడిగితే యూపీఐతోనే ఉండండి, మన దగ్గర 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం ట్యాక్సు, బదిలీ మీద 1 శాతం టీడీఎస్, కాయిన్ ఇచ్చి సరుకు కొన్నా అది బదిలీ కిందకే వస్తుంది, సబ్బుబిళ్లకి ఆ లెక్కలు ఎవరు రాస్తారు.

*

"అన్నా, నేను డాలస్‌లో ఉంటా. ఫ్రెండ్‌కి అప్పుడప్పుడు యూఎస్‌డీసీ (డాలర్ విలువకి కట్టిన కాయిన్) పంపుతుంటా. మొన్న హిస్టరీ చూస్తే నేను పంపని ట్రాన్సాక్షన్ ఒకటి, సున్నా డాలర్లు, అడ్రస్ చూస్తే మా వాడిదే అనిపించింది. వాలెట్ హ్యాక్ అయిందా?"

హ్యాక్ కాలేదు తమ్ముడూ, కానీ వల వేశారు. ఆ అడ్రస్ మీ ఫ్రెండ్‌ది కాదు, మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగక్షరాలు కలిసేట్టు పుట్టించింది, వాలెట్ మధ్యలో చుక్కలు పెట్టి దాచేస్తుంది కాబట్టి కళ్లకి ఒకేలా కనపడుతుంది. ఎనిమిది అక్షరాలు కలవాలంటే సగటున 429 కోట్ల సార్లు ప్రయత్నించాలి, వినడానికి పెద్ద అంకె గానీ మంచి గ్రాఫిక్స్ కార్డుకి అదో పని కాదు. నువ్వు వచ్చేసారి హిస్టరీలోంచి కాపీ కొడతావని వాడి ఆశ. అడ్రస్ పాయిజనింగ్ అంటారు. 2024 మే నెలలో ఒకాయన ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియంలో తిరిగే బిట్‌కాయిన్ టోకెన్లు), అప్పటి లెక్కలో సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్లు, తప్పుడు అడ్రస్‌కి పంపేశాడు. దొంగ ఎందుకో బెదిరి చాలావరకు తిరిగిచ్చేశాడు, అది అతని అదృష్టం, అందరికీ అలా జరగదు.

దీంట్లో నాకు కోపం తెప్పించేది దొంగ కన్నా వాలెట్ డిజైన్. చెక్‌సమ్ ఇక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే అది తప్పు అడ్రస్ కాదు, వేరేవాడి సరైన అడ్రస్. మొదలూ చివరా చూపించి మధ్య దాచడం అంటే ఏ అక్షరాలు ఫోర్జరీ చేయాలో మనమే వాడికి చెప్పినట్టు. నువ్వు చేయాల్సింది, ఫ్రెండ్ అడ్రస్‌ని వీడియో కాల్‌లో మధ్య అక్షరాలతో సహా ఒక్కసారి సరిచూసుకుని వాలెట్ కాంటాక్ట్స్‌లో నీ ఇష్టమొచ్చిన పేరుతో సేవ్ చేసుకో, 'బాబాయ్ కొడుకు' అని పెట్టుకున్నా సరే. ఆ పేరు నీ ఫోన్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు కాబట్టి కబ్జా చేసేవాడు ఉండడు, గడువు ఉండదు. ఇంక హిస్టరీలోంచి కాపీ అన్నది మర్చిపో. సున్నా ట్రాన్సాక్షన్లు వస్తూనే ఉంటాయి, పట్టించుకోకు.

*

"మాది రాజమండ్రిలో డీటీపీ సెంటర్. ఈ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా? మా అమ్మకి ఇంగ్లిష్ రాదు, ఆమె పేరు ఆమె చదువుకోగలగాలి కదా."

అడగాల్సిన ప్రశ్న, అడగాల్సినవాళ్లే అడిగారు. పెట్టుకోవచ్చు, ఈఎన్ఎస్ యూనికోడ్ పేర్లు ఒప్పుకుంటుంది. కానీ మీకు తెలిసిన గోలలన్నీ ఇక్కడ డబ్బు గోలలు అవుతాయి. నెట్‌లో సగంమంది సున్నా ఎలా కొడతారో మీరు రోజూ చూస్తుంటారు, పూర్ణానుస్వారం ఒక అక్షరం, తెలుగు అంకె సున్నా ఇంకో అక్షరం, చూస్తే 'రం', 'ర౦' రెండూ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు వేరే మనుషులు. ఐత్వం కూడా యూనికోడ్‌లో ఒకే గుర్తుగా ఉంది, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ఇక పొల్లు తర్వాత కంటికి కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' లో అలాంటి కనపడని గుర్తు దూరిన ఒక్క తెలుగు ముక్క మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు పడిపోయాయి గుర్తుందా, ఆపిల్ వాళ్లు ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. ఇవి కాక కన్నడ ర, తెలుగు ర పక్కపక్కన పెడితే విడదీయడం మనవల్ల కాదు, డొమైన్ పేర్ల రూల్స్ రాసేటప్పుడు ఈ తెలుగు కన్నడ జంటల మీద ప్రత్యేకంగా కూర్చోవాల్సొచ్చింది.

మందు ఉంది. పేరు రిజిస్టర్ చేసేటప్పుడే అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చేయాలి, ఒకే పేరులో రెండు లిపులు కలపనివ్వకూడదు, కనపడని గుర్తుల్ని రానివ్వకూడదు, అంకె సున్నాని అనుస్వారం పక్కన నిలబడనివ్వకూడదు. ఈఎన్ఎస్ 2023లో ఇలాంటి రూల్స్ తెచ్చింది. అయితే అందరూ అనేట్టు 'ఎందుకొచ్చిన గొడవ, ఇంగ్లిష్‌లో పెట్టుకోండి' అని నేననను, ఎందుకంటే అక్కడ మనకి ఇంకా పెద్ద గొడవ ఉంది. మీ అమ్మగారి పేరు లక్ష్మి అనుకోండి, కే ఎస్ హెచ్ పెట్టేవాళ్లున్నారు, ఎక్స్ పెట్టేవాళ్లున్నారు, చివర ఐ, రెండు ఈలు, వై, ఎవరి ఇష్టం వాళ్లది. ఫోన్‌లో పేరు విని కొట్టేవాడు అందులో ఏది కొడతాడో, అది ఏ లక్ష్మిగారిదో. తెలుగులో అయితే ల, క్ష్మి, చివర దీర్ఘం పెట్టేవాళ్లున్నా దాదాపు ఒక్కటే రాత. వినడానికి, రాయడానికి దాదాపు ఒకటే ఉండటం పేమెంట్ పేరుకి చాలా పెద్ద వరం, ఆ వరాన్ని వాడుకునే వాలెట్ ఎవరైనా చేస్తే ముందు మీ అమ్మగారి ఫోన్‌లోనే పెట్టించండి.

*

"నా పేరుతో మొదలయ్యే అడ్రస్ తయారుచేసిస్తామని ఒక సైట్ అంటోంది, డబ్బులు కట్టి చేయించుకోనా?"

వద్దు. అడ్రస్ వాళ్లు పుట్టిస్తే తాళం కూడా ముందు వాళ్ల చేతిలోనే పుడుతుంది కదా. సొంతంగా టూల్‌తో చేసుకుంటానన్నా జాగ్రత్త, ప్రొఫానిటీ అనే పేరున్న టూల్ ఇథీరియంకి ఇలాంటి అడ్రస్‌లు చేసేది, దాని మొదటి విత్తనం 32 బిట్లే, అంటే వెనక్కి లెక్కగట్టి తాళం తీసేయొచ్చు అని 2022 సెప్టెంబర్‌లో బయటపడింది, ఆ నెలలోనే వింటర్‌మ్యూట్ అనే పెద్ద ట్రేడింగ్ కంపెనీకి సుమారు 16 కోట్ల డాలర్లు పోయాయి. పైగా పైన డాలస్ తమ్ముడికి చెప్పినట్టు, మొదటి నాలుగక్షరాలు ఎవడైనా తెచ్చుకోగలడు.

*

"నేను బెంగళూరులో ఫ్రీలాన్స్ డిజైనర్ని. ఫారిన్ క్లయింట్లు స్టేబుల్‌కాయిన్‌లో, అంటే యూఎస్‌డీసీ లాంటిదాంట్లో, ఇస్తామంటున్నారు. నా డాట్ ఈత్ పేరు వెబ్‌సైట్‌లోనూ విజిటింగ్ కార్డ్ మీదా వేయించుకుందామని ఉంది. ఏమైనా నష్టమా మేడమ్?" (మేడమ్ కాదండీ, ఫర్వాలేదు.)

నష్టం ఏంటంటే, మీ క్లయింట్ ఆ పేరు కొట్టగానే మీ అడ్రస్ వస్తుంది, అడ్రస్ కొడితే మీ బ్యాలెన్స్, పోయిన నెల ఎవరెంత ఇచ్చారు, మీరు ఎవరికెంత పంపారు అన్నీ వస్తాయి. కొత్త క్లయింట్‌తో రేటు మాట్లాడుతుంటే అవతలివాడు పాత క్లయింట్ ఎంతిచ్చాడో చూసుకుంటూ మాట్లాడతాడు. పాసుపుస్తకం జిరాక్స్ తీసి కార్డు వెనక అంటించినట్టే. పేరు లేని అడ్రస్ అయితే కనీసం అది మీదని వెతుక్కోవాలి, పేరు పెట్టి మనమే చెప్పేశాం.

పేరు ఎప్పుడూ ఒకటే ఉండి, దాని వెనక అడ్రస్ ప్రతిసారీ కొత్తది వస్తే ఈ బాధ ఉండదు, మంచి డిజైన్లు ఇప్పుడు అటే పోతున్నాయి. లైట్నింగ్ అడ్రస్‌లో ప్రతి పేమెంట్‌కీ సర్వర్ కొత్త బిల్లు ఇస్తుంది. బిట్‌కాయిన్‌లో సైలెంట్ పేమెంట్స్ అని బిప్ 352 ఉంది, మీరు ఒక్క పెద్ద అడ్రస్ బయటపెడతారు, పంపేవాళ్ల వాలెట్ దాన్నుంచి తనకి మాత్రమే ఒక కొత్త అడ్రస్ లెక్కగట్టుకుని అక్కడికి పంపుతుంది, చిట్టాలో చూసేవాడికి అది మీదని తెలీదు. దానికి మీరు కట్టే మూల్యం, మీకొచ్చిన డబ్బు వెతుక్కోవడానికి మీ వాలెట్ చిట్టా అంతా గాలించాలి. ఆ పెద్ద అడ్రస్‌ని పైన కాకినాడ పిల్లలకి చెప్పిన డీఎన్ఎస్ రికార్డులో పెడితే చదవగలిగే పేరూ ఉంటుంది, గుట్టూ ఉంటుంది. ఇథీరియం వైపు కూడా స్టెల్త్ అడ్రస్‌లు అని ఇలాంటిదే ఉంది గానీ మీ క్లయింట్ వాడే వాలెట్‌లో అది ఉండాలి, మామూలుగా ఉండదు.

అందాకా మీరు చేయగలిగింది, కార్డు మీద పేరు వేయించుకోవాలని సరదాగా ఉంటే వేయించుకోండి, కానీ ఆ పేరుకి విడిగా ఒక వాలెట్ పెట్టండి, డబ్బు దాచుకునేది వేరేది. ఆ రెంటి మధ్య మీరు నేరుగా బదిలీ చేస్తే అదీ కనపడుతుంది, అది గుర్తుంచుకోండి. ఇన్వాయిస్‌లో మాత్రం పేరుతో పాటు పూర్తి అడ్రస్ కూడా రాయండి, పేరు ఒకటే రాస్తే రేపు రెన్యువల్ తప్పినప్పుడు మీరు ఏ అడ్రస్‌కి అడిగారో రుజువుండదు. ఇక వచ్చే ప్రతి పేమెంట్‌నీ వచ్చిన రోజు రూపాయి విలువతో రాసి పెట్టుకోండి, అది ఆదాయమే, మీ సీఏ మార్చిలో అడుగుతాడు.